కఫీలు సంతకం

రాయచోటి, రాజంపేట ప్రాంతపు పల్లెల్లో "రిలీజు" అన్న మాటకు సినిమాతో సంబంధం లేదు. "మీవోనికి కోయిట్‌లో రిలీజు ఇచ్చినారా?" అని ఒక అరుగు మీదినుంచి ప్రశ్న వెళితే, "యాడిచ్చినారు వదినా! రంజాను పోయినాక సూస్తామన్నారంట" అని ఎదుటి అరుగు మీదినుంచి జవాబు వస్తుంది. (కువైట్ మా సీమలో కోయిట్. ఆ దేశం పేరును ఇంతగా సొంతం చేసుకున్న ప్రాంతం తెలుగునేలమీద కోనసీమను మినహాయిస్తే ఇదొక్కటే కావచ్చు.) రిలీజు అంటే పరాయి దేశంలో ఒక యజమాని దగ్గర పనిచేస్తున్న మనిషి మరొక యజమాని దగ్గరకు మారడానికి మొదటివాడు పెట్టవలసిన సంతకం. ఆ ఒక్క సంతకానికి ఎంత చరిత్ర ఉన్నదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అరబ్బీలో కఫీల్ అంటే పూచీపడినవాడు, మన కోర్టు భాషలో జామీనుదారు. కఫాలా ఆ పూచీ పద్ధతి. పరదేశిని దేశంలోకి రప్పించినవాడే అతడి ఉనికికి బాధ్యుడు. వినడానికి అతిథిమర్యాదలా ఉంటుంది, నిజానికి దాని మూలాల్లో ఆ అర్థమూ ఉంది. కాని చమురు వచ్చి, వేలమంది పనివాళ్ళు అవసరమై, ఆ మర్యాద చట్టంగా మారినప్పుడు దాని స్వభావమే తలకిందులయింది. పూచీపడినవాడు లేకపోతే నివాసపత్రం లేదు, నివాసపత్రం లేకపోతే మనిషి ఉనికే నేరం. కువైట్ 1961లో స్వతంత్రమయింది. పరదేశీయుల నివాసాన్ని నియంత్రించే చట్టం మాత్రం అంతకు రెండేళ్ళ ముందే, 1959లో, వచ్చింది. ఆ కాలానికి అక్కడ చెలామణిలో ఉన్నది భారత రూపాయే! గల్ఫ్ కోసం ప్రత్యేకంగా ముద్రించిన రూపాయి నోట్లు కూడా అదే 1959లో వచ్చి, కువైట్ దినారు పుట్టిన 1961 వరకు అక్కడ నడిచాయి.

అయితే ఈ కథను చమురుతో మొదలుపెట్టడం నాకు ఇష్టంలేదు. అంతకు ముందే మనవాళ్ళకు ఇటువంటి సంతకమొకటి పరిచయం.

1860 నవంబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాల్ తీరం చేరింది. వారిలో తమిళులూ తెలుగువారూ ఉన్నారు. కరారు అయిదేళ్ళు. ఆ కరారునే "అగ్రిమెంటు" అనలేక జనం "గిర్మిట్" చేశారు. 1866లో ఆగిపోయిన ఆ వలస 1874లో మళ్ళీ మొదలయింది. రెండేళ్ళు తిరగకుండానే 1876-78 కరువు వచ్చిపడింది. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు ఆ కరువులో ఎంత చితికిపోయాయో ఇక్కడి పెద్దలకు చెప్పనక్కరలేదు, ధాత కరువు అన్న పేరే ఇంకా మిగిలి ఉంది. ఆకలి మనుషులను ఊళ్ళనుంచి పెకలించినప్పుడు వలస దళారులకు మాటలు వెతుక్కోవలసిన పని ఉండదు.

గిర్మిట్‌లో గమనించవలసినది జీతం కాదు, కదలిక. అనుమతి చీటీ లేకుండా ఎస్టేటు దాటిన కూలీ శిక్షార్హుడు. పని మానడం సివిలు తగాదా కాదు, క్రిమినలు నేరం. యజమానులు మాత్రం కూలీ మిగిలిన గడువును, వలసదారుల రక్షకుడనే అధికారి ఆమోదంతో, ఒకరినుంచి ఒకరికి బదలాయించుకోవచ్చు. యజమాని కూలీని మార్చగలడు, కూలీ యజమానిని మార్చలేడు. అయిదేళ్ళు పూర్తిచేసినవాడికైనా నిజమైన విడుదల ఉందా అంటే, 1895లో నేటాల్ ప్రభుత్వం తిరిగి కరారు రాయనివారి మీద, ఇంటికి పోనివారి మీద ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేసింది. గాంధీగారి సత్యాగ్రహం తరువాత 1914లో గాని అది పోలేదు. కరారు కూలీల నియామకమే 1917లో ఆగింది. "వలసదారుల రక్షకుడు" అన్న ఉద్యోగం పేరు మాత్రం చావలేదు. 1922 చట్టం దాటి, 1983 ఎమిగ్రేషన్ చట్టంలోకి కూడా భద్రంగా వచ్చి కూర్చుంది.

ఇక్కడ కర్నూలు సుగ్గి సంగతి ఒక్క మాట. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వాన మొఖం చాటేసిన ఏడు ఊళ్ళకు ఊళ్ళు తాళాలు వేసుకుని గుంటూరు మిరపచేలకు, పత్తిచేలకు సుగ్గికి పోతాయి. ఆ బతుకు కోయిట్ బతుకుకంటే సుఖమని చెప్పే ధైర్యం నాకు లేదు. ముందుగా తీసుకున్న అడ్వాన్సు మనిషిని కట్టేస్తుంది, పిల్లల చదువు మధ్యలో తెగుతుంది. కాని ఈ ఏడు ఒక రైతు సరిగా చూడకపోతే వచ్చే ఏడు మరొక రైతు చేనికి పోవచ్చు. పోయినందుకు పోలీసు రాడు. కడప మనిషికి, కర్నూలు మనిషికి మధ్య నేను చూసిన పెద్ద తేడా దూరంలో లేదు, ఇందులోనే ఉంది.

కువైట్‌లో మనవాళ్ళకు ప్రధానంగా రెండు రకాల వీసాలు తెలుసు. ఇళ్ళలో వంట, పిల్లల పని, డ్రైవరు పని చేసేవారిది ఖాదిమ్ వీసా, చట్టంలో ఇరవయ్యో అధికరణం. కంపెనీలు, దుకాణాలు, ప్రైవేటు పాఠశాలల్లో పనిచేసేవారిది షూన్ వీసా, పద్ధెనిమిదో అధికరణం. షూన్ వాళ్ళకు కార్మిక చట్టం వర్తిస్తుంది. 1964 నాటి చట్టంలోగాని 2010లో వచ్చిన చట్టంలోగాని ఇంటిపనివాళ్ళకు చోటు లేదు. వాళ్ళకోసం విడిగా చట్టం చేయడానికి 2015 దాకా పట్టింది. వారానికొక సెలవు, ఏడాదికి నెల రోజుల సెలవు, పాస్‌పోర్టు యజమాని దాచుకోరాదన్న మాట, అన్నీ కాగితం మీద అప్పుడే వచ్చాయి. పల్లెల్లో ఖాదిమ్ వీసాకూ షూన్ వీసాకూ ధరలు వేరువేరుగా పలకడానికి కారణం జీతంలో తేడా ఒక్కటే కాదు. షూన్ అయితే ఎప్పటికైనా మారవచ్చునన్న ఆశకు కూడా ఆ ధరలో వాటా ఉంది.

రిలీజు ఇవ్వనివాడి దగ్గరనుంచి బయటికి వచ్చేస్తే? ఆ క్షణంలో మనిషి పరారీ అయినట్టు కఫీలు ఫిర్యాదు చేయవచ్చు. తరువాత చేసే ప్రతి పనీ దొంగపనే. జీతం ఎగ్గొట్టినా అడగలేడు, జబ్బుచేస్తే ఆసుపత్రికి పోవడానికి జంకుతాడు, తల్లి చనిపోయినా రాలేడు. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు (2018లో, 2020లో, 2024లో ప్రకటించారు) రాయబార కార్యాలయం ముందు ఔట్‌పాసు కోసం నిలబడే వరుసల్లో మన కడప వాళ్ళు ఉంటూనే ఉన్నారు. ఎస్టేటు దాటిన గిర్మిట్ కూలీకి, వీళ్ళకు మధ్య ఉన్నది వందేళ్ళ కాలమేనా అనిపిస్తుంది.

ఇదంతా చదువురానివారి బాధ అనుకునేవారికోసమే ఈ వ్యాసంలో పంతుళ్ళను తీసుకురావలసి వస్తున్నది. నేనూ ఒక గల్ఫ్ దేశంలో కొన్నేళ్ళు గణితం చెప్పినవాణ్ణే. ప్రయాణానికి ముందు డిగ్రీ పట్టా మీద రాష్ట్రం ముద్ర, విదేశాంగశాఖ ముద్ర, వారి రాయబార కార్యాలయం ముద్ర వేయించుకోవడానికి తిరిగిన తిరుగుడులో, ఇన్ని ముద్రలు పడ్డ మనిషికి ఇంకేం భయమన్న ధీమా వచ్చేసింది. మన చట్టం కూడా ఆ ధీమానే పెంచుతుంది. పదో తరగతి ప్యాసయినవాడి పాస్‌పోర్టుకు వలస అనుమతి అక్కరలేదు. అంటే చదువుకున్నవాడికి రక్షకుడు అనవసరమని ప్రభుత్వం నిశ్చయించిందన్నమాట.

రెండో ఏడు జనవరిలో మరొక పాఠశాల నుంచి పిలుపు వచ్చింది. జీతం ఎక్కువ, పిల్లలకు ఫీజు మాఫీ. అక్కడి మన సిలబస్ బడులకు ఏప్రిల్లో కొత్త సంవత్సరం మొదలు. కాబట్టి మార్చి లోపల రిలీజు కావాలి. అడిగాను. పరీక్షలు కానీయమన్నారు. అయ్యాయి. ఫైలు మందూబ్ దగ్గర ఉందన్నారు. (మందూబ్ అంటే ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితాలు నడిపించే ఉద్యోగి. ప్రిన్సిపాలుకంటే మేం ఎక్కువ భయపడింది ఆయనకే.) ఏప్రిల్ వచ్చింది. కొత్త బడివారు మరొకరిని తీసుకున్నారు. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు, జీతం ఆపలేదు. ఒక సంతకం పడలేదు, అంతే.

ఆ సాయంత్రం మా వసతికి ఎదురింట్లో వంటచేసే పుల్లంపేట మనిషి ఈ సంగతి విని, "మీకు గూడా ఈలేదా సార్? సదువుకున్నోళ్ళకు ఇస్తారనుకుంటి" అన్నాడు. అతడి గొంతులో ఎగతాళి లేదు, నిజంగా నొచ్చుకున్నాడు. మా ఇద్దరికీ తేడా లేదని చెప్పడం అబద్ధమవుతుంది. నేను కార్మిక కార్యాలయానికి వెళ్ళి ఫిర్యాదు ఇవ్వగలను, అతడు ఆ గడప కూడా తొక్కలేడు. కాని నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో పాఠకులు ఊహించగలరు. తరువాతి ఏడు నివాసపత్రం పునరుద్ధరించవలసింది వాళ్ళే కదా! నా భార్యాపిల్లల పత్రాలు నా పత్రానికి వేలాడుతున్నాయి కదా!

అమెరికా వెళ్ళినవాళ్ళు ఇది అరబ్బు దేశాల వింతగా మాట్లాడుకుంటారు. హెచ్-1బి కథ తెలిసినవారు అలా అనరాదు. 1990 చట్టంతో ఆ వీసా ఇప్పటి రూపానికి వచ్చాక పదేళ్ళపాటు, కొత్త యజమాని దరఖాస్తు మంజూరయ్యేదాకా పాత యజమాని దగ్గరే పడి ఉండవలసి వచ్చేది. 2000 అక్టోబరులో వచ్చిన సవరణతో దరఖాస్తు దాఖలు కాగానే కొత్త ఉద్యోగంలో చేరవచ్చునన్నారు. పాత యజమాని సంతకం అక్కరలేదు. ఇది చిన్న సంగతి కాదు. కఫాలాకు, దీనికి మధ్య గీత అక్కడ పడింది. అయితే ఉద్యోగం పోయినవాడికి కొత్త యజమానిని వెతుక్కోవడానికి అరవై రోజుల గడువు నియమబద్ధంగా దొరికింది 2017 జనవరిలో మాత్రమే. 2001లో సాఫ్ట్‌వేరు కూలినప్పుడు అక్కడ ఉన్న మనవాళ్ళకు అదీ లేదు.

అక్కడ కూడా పంతుళ్ళ కథ వేరు. అదే 2000 చట్టం విశ్వవిద్యాలయాలను వార్షిక పరిమితి నుంచి మినహాయించింది. కాబట్టి ఒక విశ్వవిద్యాలయంలో బోధించేవాడు మరొక విశ్వవిద్యాలయానికి సులభంగా మారతాడు. అతడే కంపెనీకి మారాలంటే, అంతకు ముందు ఆ పరిమితిలో లెక్కకు రానివాడైతే, లాటరీలో నిలబడాలి. ప్రభుత్వ బడులకు సాధారణంగా ఈ మినహాయింపు లేదు. మేరీలాండ్ రాష్ట్రంలోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ బడులు వేయిమందికి పైగా విదేశీ ఉపాధ్యాయుల చేత, ఎక్కువగా ఫిలిప్పీన్స్ వారి చేత, యజమాని కట్టవలసిన వీసా ఖర్చులు కట్టించాయని 2011లో అమెరికా కార్మికశాఖ తేల్చింది. ఒప్పందం ప్రకారం 42 లక్షల డాలర్లు ఆ ఉపాధ్యాయులకు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. న్యాయం గెలిచిందని సంతోషించబోయేలోపు తీర్పు రెండో సగం ఉంది. శిక్షగా ఆ కౌంటీ రెండేళ్ళపాటు విదేశీయుల వీసా దరఖాస్తులు పెట్టరాదన్నారు. దానితో గడువు తీరుతున్న ఉపాధ్యాయులకు పొడిగింపు రాలేదు. తప్పు చేసింది యజమాని, శిక్ష పడ్డదీ యజమానికే, పెట్టె సర్దుకున్నది మాత్రం పంతులమ్మ.

గల్ఫ్‌లో సంస్కరణలు రాకపోలేదు. బహ్రెయిన్ 2009లో, ఖతార్ 2020లో, సౌదీ అరేబియా 2021లో పాత యజమాని అంగీకారం లేకుండా మారే వీలు కల్పించాయి. వేళ్ళూనిన పద్ధతి ఒక ప్రకటనతో పోదన్నది వేరే సంగతి. సౌదీ సంస్కరణలో ఇంటిపనివాళ్ళు లేనే లేరు. కువైట్‌లో 2016 నాటి ఉత్తర్వుతో, మూడేళ్ళు పనిచేసిన షూన్ వాళ్ళు ముందుగా నోటీసిచ్చి సంతకం లేకుండా మారవచ్చునన్నారు. నా మిత్రుడొకడు, కడపలో నాతో బి.ఎడ్. చేసినవాడు, అలాగే ఒక బడి నుంచి మరో బడికి మారాడు. ఫోనులో అతడు చెప్పిన మొదటి మాట జీతం గురించి కాదు, "ఎవరినీ అడగలేదురా" అన్నది.

ఖాదిమ్ వీసా వాళ్ళకు ఆ ఉత్తర్వు వర్తించలేదు. 2024 జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు, రెండు నెలలపాటు, ఖాదిమ్ వీసాను షూన్ వీసాగా మార్చుకునే అవకాశం తెరిచారు. ఇంటిపనిలో చేరి కనీసం ఏడాది గడిచి ఉండాలి, మార్పిడికి యాభై దినార్లు కట్టాలి, ఆపైన ఏడాదికి పది దినార్లు. రాయచోటి వైపు ఆ రెండు నెలలూ వాట్సాప్ గుంపుల్లో ఇదే మాట. పుల్లంపేట మనిషి అప్పటికి కోయిట్‌లోనే, ఒక ఇంట్లో వంటవాడుగా ఉన్నాడు. నిబంధనలు పూర్తిగా చదివి చెప్పమని నాకు పంపాడు. చదివాను. అన్నిటికంటే ముందు షరతు, ఇప్పుడున్న కఫీలు అంగీకారం.