ఆశ్రమద్వారమున నిలిచినవారు

వృద్ధులను పరులచేతిలో నుంచుట వంశమునకు తలవంపని మనవారిలో పెక్కండ్రు తలంచుచుందురు. ఆ తలంపు మానకయే మన భాగ్యనగరమున వృద్ధాశ్రమములను పెంచుకొంటిమి. 2007వ సంవత్సరపు చట్టము నిరుపేద వృద్ధులు 150 మందికి చాలునట్టి యాశ్రమమును జిల్లాకొక్కటియైనను రాష్ట్రప్రభుత్వములు నెలకొల్పవచ్చునని పలికెను. ఆ "వచ్చును" అను మాటలో నెంత సందు కలదో చదువరు లెఱుంగుదురు. భారము దాతలమీదను, చిన్న నిర్వాహకులమీదను పడినది.

2020 మార్చి 22వ తేదీని నగరమున మెట్రోబండ్లును, బస్సులును నిలిచిపోయెను. నాగోలునుండి సాగు మెట్రో మరల సెప్టెంబరు 8వ తేదీని గాని కదలలేదు. సిటీబస్సులు ఆ నెల చివరకు గాని రాలేదు. ఈ తేదీలు చరిత్రలో చిన్నవిగా తోచును. కాని ఆశ్రమములు నడుపువారి కష్టమంతయు వీనిలోనే యున్నది. మంచము దిగలేని ముదుసలిని ప్రక్కకు త్రిప్పుటకు, గుడ్డలు మార్చుటకు, అన్నము తినిపించుటకు ఆయా రావలెను. ఆమె దూరపు బస్తీనుండి దినదినమును నడిచి రాజాలదు. వచ్చినచో రోగమును తోడుతెచ్చునేమో యని భయము. కావున లోపలనే యుండుమని ఆయాలను వేడవలసివచ్చెను. తమ పిల్లల నింట విడిచి, ఒరుల తల్లిదండ్రులకై యచటనే పరుండిన యా స్త్రీల సేవను జీతముతో కొలుచుట తగునా?

పుట్టినదినములకును, పెద్దల తద్దినములకును అన్నదానము చేయవచ్చు గృహస్థులు ఆగిపోయిరి. వంటయింటి కదియే పెద్ద యాధారము. కన్నకొడుకునైనను గేటువద్దనే నిలుపవలసివచ్చెను. తెఱచిన రోగము, మూసిన ఒంటరితనము. మూసినవారిని క్రూరులనుటకు మేమొప్పుకొనము.

ఇంగ్లండున ఆసుపత్రుల వృద్ధులను కొంతకాలము వేఱుగా నుంచవలెనని చెప్పకయే ఆశ్రమములకు పంపిన విధానము చట్టవిరుద్ధమని 2022 ఏప్రిలులో అచటి హైకోర్టు తీర్పుచెప్పెను. ఆశ్రమమరణములకు అచట వేఱు లెక్క యుండెను. మన రాష్ట్రపు దినప్రకటనలోనో, నాగోలు, ఉప్పలు, నాచారము అన్నియు మహానగరపాలక సంస్థ యను ఒక్క పంక్తిలో కలిసిపోయెను. ఆశ్రమవాసు లెందఱో ఆ పంక్తి చెప్పలేదు.

2021 మార్చి 1వ తేదీనుండి 60 ఏండ్లు నిండినవారికి టీకాలు మొదలయ్యెను. కాని గుర్తింపుకార్డు కావలెను. వీధినుండి తేబడిన ముదుసలికి కార్డెక్కడిది? ఆ మే నెలనాటికి కేంద్రప్రభుత్వము దారి చూపెను: కార్డును, ఫోనును గల యొక బాధ్యుడు ముందు నిలిచినచో, కార్డులేని యాశ్రమవాసుల పేళ్లు ఆతని ఫోనుమీదనే వ్రాయబడవచ్చును.