మహామాంద్యంలో మద్రాసు ప్రెసిడెన్సీ (1929–1939)

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల మార్కెట్టు కూలాక ప్రపంచాన్ని చుట్టుముట్టిన మహామాంద్యం మద్రాసు ప్రెసిడెన్సీలో ముందుగా కళ్లాల్లో కనిపించింది. ఫ్యాక్టరీలు తక్కువ, సేద్యం ఎక్కువ ఉన్న ఆ రాష్ట్రంలో మాంద్యమంటే పంటకు ధర లేకపోవడమే. గంజాం నుంచి తిరునల్వేలి దాకా పరుచుకున్న ఆ ప్రెసిడెన్సీలో కోస్తా జిల్లాలూ దత్తమండలాలూ భాగాలు కనుక తెలుగు రైతు ఈ చరిత్రకు నడిమధ్యనే ఉన్నాడు. పదేళ్లలో అక్కడ ఒక పాలకపక్షం తుడిచిపెట్టుకుపోయింది. అప్పుల చట్టం మారింది. జమీందారీ వ్యవస్థ న్యాయాన్యాయాలు చట్టసభలో చర్చకు వచ్చాయి.

ధరలు, శిస్తు, అప్పు

1920ల చివరికే ధాన్యం ధరలు మెత్తబడ్డాయి. 1930 తర్వాత అవి ఎక్కడా నిలవలేదు. 1933 నాటికి వడ్ల ధర మాంద్యానికి ముందున్న దాంట్లో దాదాపు సగానికి దిగింది. ఐరోపా నూనెమిల్లులను నమ్ముకుని దత్తమండలాల్లోనూ దక్షిణ ఆర్కాటులోనూ వేసిన వేరుశనగకూ, పత్తికీ అదే గతి పట్టింది. దీనికి తోడు బర్మా, సయాం, సైగాన్ల నుంచి చవక బియ్యం మద్రాసు రేవుల్లో దిగింది. కృష్ణా, గోదావరి డెల్టాల ధాన్యానికి సొంత రాష్ట్రంలోనే గిరాకీ తగ్గింది. విదేశీ నూకలపై దిగుమతి సుంకం 1935లో గానీ రాలేదు. అప్పటికే రైతు చితికిపోయాడు.

ధర పడినప్పుడు రైతు కట్టవలసినవీ దానితోపాటు తగ్గి ఉంటే కష్టం ఇంత లోతుకు పోయేది కాదు. శిస్తు, వడ్డీ రెండూ నగదులో బిగిసి ఉన్నాయి. ఒక బస్తా అమ్మి తీర్చిన బాకీకి ఇప్పుడు రెండు బస్తాలు అమ్మాలి. ప్రామిసరీ నోటు మీది అంకె మారలేదు, దాన్ని తీర్చే వడ్లరాశి మాత్రం రెట్టింపయింది. ప్రెసిడెన్సీలో గ్రామీణ రుణం మొత్తం రూ. 150 కోట్లని 1930 నాటి బ్యాంకింగు విచారణ సంఘం లెక్క కట్టింది. 1935లో రైతుల అప్పులపై వచ్చిన సత్యనాథన్ నివేదిక దాన్ని సుమారు రూ. 200 కోట్లని తేల్చింది. షావుకార్లు కొత్త అప్పులకు చేయి బిగించిన కాలంలో పెరిగిన మొత్తం ఇది. కాబట్టి అందులో కట్టలేక అసలులో కలిసిపోయిన వడ్డీయే ఎక్కువని ఊహించవచ్చు.

ద్రవ్య విధానం ఈ భారాన్ని పెంచింది. 1927లో రూపాయి విలువను 1 షిల్లింగు 6 పెన్నీలుగా ఖాయం చేసిన వలస ప్రభుత్వం మాంద్యంలోనూ దాన్ని సడలించలేదు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదులుకున్నప్పుడు రూపాయిని పౌనుకే కట్టేసింది. బంగారం ధర పెరిగింది. అప్పులవాళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఊళ్లలో ఆడవాళ్లు తీసిచ్చిన నగలు కరిగి బొంబాయి మీదుగా ఓడలెక్కాయి. ఈ ఎగుమతిని ఆపాలని దేశమంతా అడిగినా ఢిల్లీ వినలేదు. లండను ఖాతాలు చక్కబడటానికి పల్లెల పొదుపు కరగవలసి రావడం ఈ దశాబ్దపు పెద్ద అన్యాయాల్లో ఒకటి.

కోస్తా కూలీలకు బతుకుదెరువైన రంగూనూ ఆ రోజుల్లో మూసుకుపోయింది. 1930 మేలో అక్కడి రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను దించారు. రాజీ కుదిరాక బర్మా కూలీలను పొమ్మనడంతో నగరంలో అల్లర్లు చెలరేగి నూరుమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది తెలుగువాళ్లే. మలయా రబ్బరు తోటల నుంచీ వేలమంది కూలీలను తిప్పి పంపారు. వాళ్లు తిరిగొచ్చిన ఊళ్లలో కూడా పని లేదు.

ద్వంద్వ పాలన, జస్టిస్ పార్టీ

1919 చట్టం తెచ్చిన ద్వంద్వ పాలనలో విద్య, ఆరోగ్యం, స్థానిక సంస్థల వంటివి మంత్రుల చేతికి వచ్చాయి. భూమి శిస్తు, శాంతిభద్రతలు గవర్నరు కార్యనిర్వాహక మండలి దగ్గరే ఉండిపోయాయి. రైతు గోడు వినవలసిన మంత్రికి శిస్తు తగ్గించే అధికారం లేదన్న మాట. పాలకపక్షమైన జస్టిస్ పార్టీని తూచేటప్పుడు దీన్ని మరచిపోకూడదు.

అలాగని ఆ పార్టీకి తప్పు లేదనలేం. 1930 ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించడంతో చిత్తూరు జిల్లాకు చెందిన బి. మునుస్వామి నాయుడు ప్రథమమంత్రి అయ్యాడు. ఆయన జమీందారు కాదు, పార్టీలోని జమీందార్లకు ఆయన మీద గురి కుదరలేదు. 1932 నవంబరులో ఆయన్ను దించి బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావును గద్దెనెక్కించారు. రైతు శిస్తు కట్టలేక చెంబూ తపేలా జప్తుకు ఇస్తున్న వేళ మంత్రులు నెలకు రూ. 4 వేలకు పైగా జీతం తీసుకున్నారు. ఆ జీతాన్ని కాంగ్రెస్ ప్రతి సభలోనూ ఎత్తిచూపింది.

డెల్టాల్లో అసంతృప్తి అంతకుముందే రాజుకుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్మెంటు పేరుతో శిస్తును రూపాయికి మూడణాలు, అంటే 18.75 శాతం పెంచాలన్న సర్కారు నిర్ణయం సరిగ్గా ధరలు పడుతున్నప్పుడే రైతుల నెత్తిన పడింది. దీన్ని ఎదిరించిన ఎన్.జి. రంగా ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘాన్ని నిలబెట్టాడు. తర్వాత నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టి కార్యకర్తలను తయారుచేశాడు. నెల్లూరులో వెంకటగిరి జమీ రైతుల పక్షాన నెల్లూరు వెంకట్రామా నాయుడి ‘జమీన్ రైతు’ పత్రిక నిలిచింది. 1930 ఉప్పు సత్యాగ్రహం కోస్తాలో అంత బలంగా సాగడానికి దేశభక్తితోపాటు ఈ శిస్తు గొడవా కారణమే.

1934 కేంద్ర శాసనసభ ఎన్నికల్లో షణ్ముఖం చెట్టి, రామస్వామి మొదలియారు వంటి జస్టిస్ పార్టీ దిగ్గజాలు ఓడిపోయారు. 1935 చట్టం ఓటుహక్కును చిన్న రైతుల దాకా తెచ్చింది. 1937 ఫిబ్రవరిలో శాసనసభలోని 215 స్థానాల్లో కాంగ్రెస్ 159 గెలిచింది. బొబ్బిలిలో రాజావారిని వి.వి. గిరి ఓడించాడు.

అయితే మాంద్యం సాగిన ఈ ఏళ్లలోనే కొన్నిచోట్ల పెట్టుబడి పెరిగింది కూడా. పల్లెల్లో అప్పులిచ్చే లాభం పోయాక డబ్బు పట్నాల వైపు మళ్లింది. పైకారా విద్యుత్తు అందాక కోయంబత్తూరులో నూలు మిల్లులు వరసగా లేచాయి. గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు విస్తరించింది. విశాఖపట్నం ఓడరేవు 1933లో తెరుచుకుంది.

రాజాజీ మంత్రివర్గం

1937 జూలైలో సి. రాజగోపాలాచారి (రాజాజీ) మద్రాసు ప్రథమమంత్రి అయ్యాడు. మంత్రుల జీతం రూ. 500కు దిగింది. 1938 నాటి వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం ఈ ప్రభుత్వపు పెద్ద పని. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం కొట్టివేశారు. అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించి ఉంటే బాకీ పూర్తిగా తీరినట్టే. 1932 అక్టోబరు 1 తర్వాతి అప్పులకు 5 శాతం, చట్టం వచ్చాక చేసే కొత్త అప్పులకు 6¼ శాతం మించి వడ్డీ చెల్లదు. ధరలు పడిన నష్టాన్ని రుణదాత కూడా పంచుకోవాలని ఇంత స్పష్టంగా చెప్పిన చట్టం ఆ రాష్ట్రంలో అంతకుముందు రాలేదు. కానీ దీని మేలు భూమి ఉన్న రైతుకే ఎక్కువగా దక్కింది. పాలేళ్లు, కూలీలు బయటే ఉండిపోయారు. షావుకార్లు మరింత బిగుసుకుని కొత్త అప్పు దొరకడం కష్టమైంది.

జమీందారీ సమస్యపైనా ఒత్తిడి పెరిగింది. ఇచ్ఛాపురం నుంచి బయలుదేరిన రెండువేల మందికి పైగా రైతులు తొమ్మిది జిల్లాల మీదుగా 130 రోజులు నడిచి ఊరూరా సభలు పెట్టారు. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం పనిచేసింది. భూమికి యజమాని రైతేననీ, శిస్తును 1802 శాశ్వత పరిష్కారం (పర్మనెంట్ సెటిల్మెంటు) నాటి స్థాయికి దించాలనీ 1938లో అది సిఫారసు చేసింది. అదే ప్రభుత్వం సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, తగ్గిన ఆబ్కారీ ఆదాయానికి బదులుగా 1939లో అమ్మకం పన్ను తెచ్చింది.

ప్రకాశం నివేదిక చట్టంగా మారకముందే యుద్ధం వచ్చింది. ప్రజల సమ్మతి లేకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దించినందుకు నిరసనగా 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. యుద్ధంతో ధరలు లేచి మాంద్యం ముగిసింది. మద్రాసు చట్టసభ జమీందారీ రద్దు చట్టం చేసింది 1948లో.