పెడితే అన్నపూర్ణ, అమ్మితే పూటకూళ్ళమ్మ

గుంటూరు అనగానే అందరికీ ముందు మిరపకాయ గుర్తొస్తుంది, ఆ తర్వాత గోంగూర. మూడోది మా హోటళ్ళు అని నేనంటాను. ఇంట్లో రెండు పూటలా వండే మనిషికి ఎవరో వండి వడ్డించిన ముద్ద ఎంత బాగుంటుందో మీకు వేరే చెప్పాలా! అందుకని నాకు నచ్చినవి ముందుగా చెప్పేస్తాను. వాటి వెనకున్న పాత కథ తర్వాత చెప్తాను. అసలు చెప్పాలనుకున్నది ఆ కథే.

భోజనమంటే నాకు ముందు శంకర్ విలాసే. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు వచ్చినవాళ్ళెవరికైనా ఆ పేరు తెలియకుండా ఉండదు. ఆ హోటల్ పేరే సెంటరుకూ పేరైంది, రైలు పట్టాల మీది వంతెనకూ పేరైంది. 2025లో ఆ పాత వంతెన కూల్చి కొత్తది కట్టే పని మొదలైనప్పుడు కూడా ఊరంతా ‘శంకర్ విలాస్ వంతెన’ అనే అంది. ఊరికి అన్నం పెట్టిన చోటు పేరు ఊరి నోట్లో అలా నిలబడిపోతుంది.

తీపికైతే తెనాలి బెల్లం జిలేబీ, ఒంగోలు అల్లూరయ్య మైసూరుపాకు. మా అత్తగారికి షుగరు వచ్చాక కూడా ఆ మైసూరుపాకు ఇంటికొస్తే ‘ఒక చిన్న ముక్క’ అంటారు. ఆవిడ చిన్న ముక్క ఎంతుంటుందో మాకు తెలుసు. సాయంత్రాలు బండి మీద మిరపకాయ బజ్జీ. మధ్యకు చీల్చి, వాము పొడీ చింతపండూ కూరి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి నిమ్మకాయ పిండితే, ఇంక మాటలుండవు.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైన చోటుకి బోర్డు లేదు. బ్రాడీపేట సందుల్లో ఒక ఇల్లు. ముందు గదిలో నాలుగు బల్లలు, గేటుకు వేలాడేసిన పలక మీద సుద్దతో ఆ రోటి కూరల పేర్లు. దోసకాయ పప్పు, వంకాయ కారం, రోటి పచ్చడి, చారు, గడ్డ పెరుగు. వండేది ఒకావిడ, వడ్డించేది ఆవిడ కోడలు. గుంటూరులో ఇలాంటి మెస్సులు ఎన్నో ఉన్నాయి. 1885లో మొదలైన ఆంధ్ర క్రైస్తవ కళాశాల, 1946లో వచ్చిన వైద్య కళాశాల, కోర్టులు, మిర్చి యార్డు, కోచింగ్ సెంటర్లు... బయటి ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ నాలుగు రోజులో నాలుగేళ్ళో ఉండేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళకి అన్నం వండినవాళ్ళూ ఉన్నారు. అయితే హోటళ్ళ మీద మగవాళ్ళ పేర్లో దేవుళ్ళ పేర్లో ఉంటాయి. ఈ మెస్సుల్లో వండే ఆడవాళ్ళకి ఏ పేరూ ఉండదు. ‘ఆంటీ మెస్సు’ అంటారు, అంతే.

ఈ ‘ఆంటీ మెస్సు’కి మన భాషలో పాత పేరు ఒకటుంది. పూటకూళ్ళ ఇల్లు. పూటపూటకీ డబ్బు తీసుకుని కూడు పెట్టే ఇల్లు అని అర్థం. హోటల్ అన్న మాట మన నాలుక మీదికి రాకముందు దారిన పోయేవాడికి దొరికే చోట్లు రెండే. పుణ్యం కోసం పెట్టిన సత్రం ఒకటి. అందులో ఏ కులంవాళ్ళని రానిస్తారు, ఎన్ని రోజులు ఉండనిస్తారు అనేదానికి లెక్కలుండేవి. రెండోది డబ్బిస్తే అన్నం పెట్టే పూటకూళ్ళ ఇల్లు.

ఈ మాట సాహిత్యంలో ఎంత పాతదో చూడండి. క్రీడాభిరామం అనే కావ్యంలో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. దాన్ని రాసినవాడిగా వినుకొండ వల్లభరాయుడి పేరు చెబుతారు. శ్రీనాథుడిదే అనేవాళ్ళూ ఉన్నారు. ఆ తిరుగుడులో ఒక పూటకూళ్ళ ఇల్లు వస్తుంది. ఒక్క రూకకి ఏమేం పెడతారో పద్యంలో వరసగా ఉంటుంది. సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. తెలుగులో ఇంత పాత మెనూ కార్డు ఇంకొకటి నాకు కనపడలేదు.

ఇందులో గుంటూరువాళ్ళం గమనించాల్సింది ఒకటుంది. ఆ విస్తట్లో మిరపకాయ లేదు. ఉండే వీలూ లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువాళ్ళు మన దేశానికి వచ్చాక, పదహారో శతాబ్దంలోనే ఇక్కడికి చేరింది. అంతకు ముందు మనవాళ్ళ కారం మిరియాలది. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు మా ఊళ్ళో ఉందని గొప్పగా చెప్పుకుంటాం కానీ, మన ముత్తవ్వల ముత్తవ్వలకి ఆవకాయంటే ఏమిటో తెలియదు. మిరపకాయకంటే పూటకూళ్ళ ఇల్లే మనకి పాత చుట్టం!

ఇక్కడి నుంచి ఒంగోలు వెళ్దాం. టంగుటూరి ప్రకాశం పంతులు గారి గురించి బళ్ళో అందరం చదువుకున్నాం. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కి ఎదురు తిరిగి తుపాకులకి గుండె చూపించిన మనిషి, 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకి తర్వాత రెండేళ్ళకి ఆయన పేరే పెట్టారు. ఆయన 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు పిల్లల్ని తీసుకుని ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యంలో అయిపోతుంది.

ఆ ఒక్క వాక్యం దగ్గర మనం కాస్త ఆగాలి. ఆ రోజుల్లో భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి ఇల్లు దాటడమే కష్టం. నలుగురు పరాయి మగవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టి, వడ్డించి, డబ్బు పుచ్చుకోవడమంటే లోకం ఎన్ని మాటలు అని ఉంటుందో మీరే ఊహించుకోండి. పైగా అన్నం అమ్ముకోవడం పాపమని ఒక నమ్మకం. కట్టెల పొయ్యి మీద, గ్యాసూ మిక్సీ లేని కాలంలో, తెల్లారకముందే లేచి నీళ్ళు తోడి, పప్పు రుబ్బి, ఎంతమంది వస్తారో తెలియని రోజుకి సరిపడా వండాలి. మిగిలితే నష్టం, చాలకపోతే చెడ్డపేరు. ఆ లెక్క తప్పకుండా నడిపి ఆవిడ పిల్లల్ని పెంచారు. ప్రకాశం గారు తన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో ఈ సంగతి దాచుకోలేదు, చెప్పుకున్నారు.

అదే కాలంలో గోదావరి జిల్లాలో డొక్కా సీతమ్మ గారు ఉన్నారు. 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరంలో ఆవిడ ఇంటికి ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టి పంపేవారు. లోకం ఆవిణ్ణి అపర అన్నపూర్ణ అంది. ఇప్పుడు మన ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకం ఆవిడ పేరు మీదే నడుస్తోంది. ఆ గౌరవానికి ఆవిడ నూటికి నూరుపాళ్ళూ తగినవారు. నా మనసులో ఉన్నది వేరే. సీతమ్మ గారి ఇల్లు సేద్యం, ధాన్యం ఉన్న ఇల్లు. ఆ ధాన్యాన్ని పదిమందికి పెట్టడానికి పెద్ద మనసు కావాలి, ఆవిడకి ఉంది. సుబ్బమ్మ గారికి ధాన్యం లేదు, పిల్లలున్నారు. చేతి పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. అదే పొయ్యి, అదే పొగ, అదే నడుం నొప్పి. పెట్టినావిడ అన్నపూర్ణ అయింది, అమ్మినావిడ పూటకూళ్ళమ్మ అయింది.

పూటకూళ్ళమ్మ అన్న మాట వినగానే మీలో చాలామందికి కన్యాశుల్కం గుర్తొచ్చి ఉంటుంది. 1892లో మొదటిసారి ఆడిన ఆ నాటకంలో ఆవిడ తిండి తింటూ, ఆవిడనే మోసం చేస్తూ గిరీశం కాలక్షేపం చేస్తాడు. ఆవిడ చీపురు పుచ్చుకుని వెతుక్కుంటూ వస్తే మనం పడీ పడీ నవ్వుతాం. నేనూ నవ్వాను. మధురవాణికి పేరుంది, బుచ్చమ్మకి పేరుంది, ఈవిడకి మాత్రం వృత్తే పేరు. నాటకం మొత్తంలో సొంత కష్టం మీద బతికేవాళ్ళని లెక్కపెడితే ఈవిడ మొదటి వరసలో ఉంటుంది. అయినా నవ్వులపాలైందీ ఆవిడే. గురజాడ ఆ లోకాన్ని ఉన్నదున్నట్టు చూపించారు. మన నవ్వు ఎవరి మీదో ఆలోచించుకోవాల్సింది మనమే.

తర్వాత హోటళ్ళు వచ్చాయి. ఉడిపి నుంచి వచ్చిన వంటవాళ్ళు మద్రాసు రాజధాని అంతటా ఇడ్లీ, దోసె, కాఫీ పరిచయం చేశారు. వంటింట్లో ఎంగిళ్ళు తీసే పిల్లాడిగా మొదలైన కృష్ణారావు గారు 1938లో మద్రాసులో ఉడ్‌లాండ్స్ పెట్టి పేరు తెచ్చుకున్నారు. అదే అన్నం, అదే డబ్బు. కానీ వండేవాడు మగవాడై, గోడకి బోర్డు తగిలేసరికి అన్నం అమ్మడం వ్యాపారమైంది. పూటకూళ్ళమ్మ అన్న మాటలో ఉన్న చులకన హోటల్ ప్రొప్రయిటర్ అన్న మాటలో లేదు చూశారా!

ఆ హోటళ్ళలోకి అందరికీ ప్రవేశం ఉండేది కాదన్నది కూడా మరిచిపోకూడదు. బ్రాహ్మణులకి వేరే గది, దళితులకి అసలు గుమ్మమే లేదు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో దుకాణాలతో పాటు హోటళ్ళ పేరు కూడా ఎత్తి, కులం మతం పేరుతోనో ఆడామగా తేడాతోనో ఎవరినీ అడ్డుకోకూడదని రాసింది. దేశాన్ని నడిపే అంత పెద్ద పుస్తకంలో హోటల్ తలుపు గురించి రాయాల్సి వచ్చిందంటే, ఆ తలుపు ఎంతమంది ముఖం మీద మూసుకుని ఉంటుందో! 1955లో అంటరానితనాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది.

ఆడవాళ్ళ సంగతి చట్టం చెప్పినా ఆచారం వినలేదు. మా నాయనమ్మ తన జీవితంలో హోటల్ గడప తొక్కలేదు. ‘ఎవరు వండారో, ఏ చేత్తో వండారో’ అనేది. మా అమ్మ వెళ్ళేది, ఫ్యామిలీ రూములోకి. గుర్తుందా మీకు? అడ్డంగా చెక్క, పైన పూల కర్టెన్. సినిమా చూసి వచ్చేటప్పుడు మా నాన్న మమ్మల్ని ఆ తెర వెనక కూర్చోబెట్టి, ఏం కావాలో ఆయనే చెప్పేవారు. అమ్మకి మసాలా దోసె ఇష్టమని ఆవిడ నోటి నుంచి నేను విన్నది నా పెళ్ళయ్యాకే. వండే పని మొదటినుంచీ ఆడవాళ్ళదే. కూర్చుని, నచ్చింది అడిగి తినడం మాత్రం మూడు తరాలు పట్టింది.

ఇదంతా పాత కథ అనుకుంటున్నారా? మా పిన్నిది నరసరావుపేట దగ్గర పల్లె. పత్తి చేను, నాలుగేళ్ళ అప్పులు, బాబాయి పోయాడు. ఇద్దరు పిల్లల చదువుల కోసం పిన్ని టౌనుకి వచ్చి, కోచింగ్ పిల్లలకి కేరియర్లు కట్టడం మొదలుపెట్టింది. మొదట ఆరు, తర్వాత ఇరవై. ఒక పెళ్ళిలో మా వాళ్ళే, పిన్నికి వినపడేలాగే, ‘కూడు అమ్ముకుంటోందంట’ అన్నారు. సుబ్బమ్మ గారి కాలం నాటి మాట, అక్షరం మారలేదు. పిన్ని విస్తట్లోంచి తల ఎత్తకుండానే అంది: ‘నేనెవరి గుమ్మం తొక్కి తినట్లేదు కదమ్మాయ్. నలుగురికీ పెట్టే తింటన్నా.’

ఇప్పుడు పిన్ని ఇంటి ముందు ‘కర్రీ పాయింట్’ అని చిన్న బోర్డుంది. పెద్దది నర్సింగు పూర్తి చేసింది. మొన్న ఒకళ్ళు వచ్చి పప్పు ప్యాకెట్ దగ్గర ఐదు రూపాయలు బేరమాడుతుంటే నాకు ఒళ్ళు మండింది. పెద్ద హోటల్లో బిల్లు మీద టిప్పు పెట్టి వచ్చేది మనమే, కర్రీ పాయింట్ దగ్గర ఆంటీతో బేరమాడేదీ మనమే.

అందుకే ఈ మధ్య నేనొక అలవాటు చేసుకున్నాను. ఏ మెస్సులో తిన్నా వండినావిడ పేరు అడుగుతాను. మొదట్లో ‘ఎందుకమ్మా’ అని అనుమానంగా చూస్తారు. ‘పచ్చడి బాగుంది, ఎవరు చేశారని అడిగితే చెప్పాలిగా’ అంటాను. బ్రాడీపేట ఆవిడ అయితే చేతులు కొంగుకి తుడుచుకుని, ఇంటిపేరుతో సహా చెప్పింది.