నాన్నగారి చందా రసీదు

2012 సెప్టెంబరు నాటికి మా నాన్నగారు షికాగో వచ్చి నెల రోజులైంది. పొద్దున్నే మనవరాల్ని బడి దాకా నడిపించుకెళ్ళడం ఆయన డ్యూటీ. పదో తారీఖు సోమవారం "బడి లేదు తాతయ్యా, టీచర్లు స్ట్రైక్" అని మా అమ్మాయి చెప్పినా వినకుండా ఒక్కరే వెళ్ళి, గంట తరువాత వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చారు. బడి ముందు ఎర్ర చొక్కాలు, అట్టముక్కల మీద రాతలు, దారిన పోయే కార్ల హారన్లు. "అచ్చం మన కలెక్టరాఫీసు దగ్గర ధర్నాలా ఉందిరా, టెంటు ఒక్కటే తక్కువ" అన్నారు. షికాగోలో పాతికేళ్ళ తరువాత జరిగిన మొదటి టీచర్ల సమ్మె అది.

నాన్నగారు ముప్ఫై రెండేళ్ళు ఎలిమెంటరీ స్కూలు మాస్టారుగా చేశారు. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఒక రేకు పెట్టె ఉండేది. మా సర్టిఫికెట్లతో బాటు ఆయన సంఘం చందా రసీదులు కూడా అందులోనే. జీతాలు ఆలస్యమైన నెలల్లో అమ్మ కిరాణా కొట్లో ఖాతా రాయించేది, ఆయన మాత్రం చందా కట్టేసి వచ్చేవారు. ఈ ఒక్క విషయంలో అమ్మ ఆయన్ని ఇంకా క్షమించలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర "మీకు సంఘం లేదుట్రా?" అని అడిగారు. అంతకు మూడేళ్ళ క్రితం నన్నొక కంపెనీ పావుగంట ఫోన్ కాల్‌తో ఇంటికి పంపేసిన సంగతి ఆయనకు తెలుసు. "మేం ప్రొఫెషనల్స్ నాన్నా, మాకు సంఘాలుండవు" అన్నాను. "ఓహో" అని మజ్జిగ పోసుకున్నారు. కాసేపాగి, "వీళ్ళకీ మాకూ ఏమన్నా చుట్టరికం ఉందేమో చూడు" అన్నారు.

చూశాను. నేను అంత తేలిగ్గా అనేసిన ఆ మాట దగ్గరే ప్రపంచంలో టీచర్లు నలభై ఏళ్ళు విడిపోయి ఉన్నారని అప్పుడు తెలిసింది.

అమెరికాలో పాత సంఘం నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్, 1857లో పుట్టింది. టీచరంటే వృత్తి నిపుణుడు, ఫ్యాక్టరీ కూలీ కాదు అనేది చాలాకాలం వాళ్ళ పద్ధతి. సూపరింటెండెంట్లు కూడా అందులో సభ్యులే. రెండోది అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్, 1916లో ఈ షికాగోలోనే పుట్టింది. మేమూ పనివాళ్ళమే, మా చోటు కార్మిక సంఘాల మధ్యనే అంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ ఇంటి తగాదా ప్రపంచమంతటికీ పాకింది. 1946లో కమ్యూనిస్టుల వైపు మొగ్గిన సమాఖ్య ఒకటి పారిస్‌లో ఏర్పడింది. 1951లో దానికి ఎదురుగా 'స్వేచ్ఛా' ఉపాధ్యాయ సంఘాల సమాఖ్య వచ్చింది. 1952లో కోపెన్‌హాగెన్‌లో నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ అండతో మూడోది, ఉపాధ్యాయ వృత్తి సంస్థల ప్రపంచ సమాఖ్య. ఇందులో యూరప్‌లోని రెండు పాత సమాఖ్యలు కలిశాయి. ఒకటి 1912 నాటి హైస్కూలు మాస్టార్లది, రెండోది 1926 నాటి ప్రాథమిక మాస్టార్లది.

రాజకీయాలకు దూరంగా ఉంటామన్నది ఆ మూడోదే. తీరా 1967లో, వెర్నన్ ఫండ్ అనే ఓ ధర్మనిధి పేరుతో దానికి సీఐఏ డబ్బు అందుతోందని పత్రికలు బయటపెట్టాయి. పాపం ఎన్ని దేశాల పంతుళ్ళు తమ చందాలతోనే ఆ ఆఫీసు నడుస్తోందని నమ్మారో!

దీనికి ముందే మంచి పనీ ఒకటి జరిగింది. 1966 అక్టోబరు 5న పారిస్‌లో యునెస్కో, ఐఎల్‌వో కలిసి టీచర్ల హోదా మీద ఒక సిఫారసు పత్రం ఆమోదించాయి. బోధన ఒక వృత్తి అని అందులో ఉంది. జీతాలు, పని షరతులు సంఘాలతో బేరమాడి తేల్చుకోవాలనీ ఉంది. రెండు వర్గాల మాటా ఒకే కాగితం మీదకు వచ్చింది. కాకపోతే అది ఒప్పందం కాదు, సిఫారసు మాత్రమే. ఏ ప్రభుత్వాన్నీ కట్టిపడేయలేదు. ఆ రోజే 1994 నుంచి ప్రపంచ ఉపాధ్యాయ దినం. మనకు సెప్టెంబరు 5 రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు, 1962 నుంచి. రెండింటికీ నెల రోజులే తేడా. "దండ సెప్టెంబర్లో వేస్తారు, అరియర్స్ ఏ నెలలో ఇస్తారో?" అన్నారు నాన్నగారు.

బెర్లిన్ గోడ కూలాక ఆ రెండోదానికీ మూడోదానికీ పోట్లాడుకోవడానికి కారణం మిగల్లేదు. 1993 జనవరిలో స్టాక్‌హోమ్‌లో కలిసిపోయి ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ అయ్యాయి. మొదటి అధ్యక్షురాలు మేరీ హాట్‌వుడ్ ఫ్యూట్రెల్, వర్జీనియాలో పాఠాలు చెప్పిన నల్లజాతి టీచరు. ఆఫీసు బ్రసెల్స్‌లో. ఇప్పుడు సభ్యులు 3 కోట్ల పైమాటే. మన అఖిల భారత ప్రాథమిక ఉపాధ్యాయ సమాఖ్య కూడా అందులో ఉంది. పారిస్‌లో పుట్టిన సమాఖ్య మాత్రం కలవకుండా విడిగానే ఉండిపోయింది.

నవ్వొచ్చేదేమంటే, స్టాక్‌హోమ్‌లో చేతులు కలిపిన ఆ అమెరికా సంఘాలు రెండూ సొంతింట్లో కలవలేకపోయాయి. 1998లో న్యూ ఆర్లియన్స్‌లో విలీనం ప్రతిపాదన పెడితే, నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ ప్రతినిధులే ఓడగొట్టారు.

ఇదంతా చెప్పాక నాన్నగారు, "మా వాళ్ళు ఎర్రజెండా వైపు కదా, అంటే మేం దాయాదుల లెక్క" అని తేల్చేశారు.

పంతొమ్మిదో తారీఖున బడి తెరిచారు. ఆ రోజు నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళారు. మా అమ్మాయి టీచరుకు తనూ మాస్టారేనని చెప్పించి, వాళ్ళ చందా ఎంతో అడగమన్నారు. మొహమాటపడుతూనే అడిగాను. ఆవిడ నవ్వి చెప్పింది. నాన్నగారు వేళ్ళ మీద రూపాయల్లోకి మార్చుకుని, "ఈ సంగతి మీ అమ్మకు చెప్పాలిరా" అన్నారు.