మళ్లీ మొదటికొచ్చే డబ్బా

ఇంట్లో వైఫై డబ్బా దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయి, కాసేపటికి ఒక్కొక్కటే వెలగడం అన్నిసార్లూ చెడిపోవడం కిందికి రాదు. కొన్నిసార్లు అది దానికి అప్పజెప్పిన పనే. లోపలి ప్రోగ్రాం ఎక్కడైనా బిగుసుకుపోతే లేపడానికి చిప్‌లోనే ఒక గడియారం ఉంటుంది. ప్రోగ్రాం సవ్యంగా నడిచినంతసేపూ దాన్ని వెనక్కి తిప్పుతూ ఉంటుంది. తిప్పడం మానిందా, గడువు తీరి డబ్బా మళ్లీ మొదటికొస్తుంది. ఈ ఏర్పాటును వాచ్‌డాగ్ టైమర్ అంటారు. విచిత్రమేమిటంటే దీని పూర్వీకుల్లో ఒకటి చంద్రుడి దాకా వెళ్లొచ్చింది. దాయాది ఒకటి అంగారకుడి మీద కూర్చుని, నెల్లూరు జిల్లా ఉదయగిరిలోని ఏ ఇంటి డబ్బాకూ తీసిపోకుండా పదేపదే రీస్టార్టయింది.

అపోలో నౌకల కంప్యూటర్‌లో ఈ కావలి సర్క్యూట్ పేరు నైట్ వాచ్‌మన్. గూర్ఖా ఈల వినిపించకపోతే వీధిలో వాళ్లు లేచి చూసినట్టు, ప్రోగ్రాం నుంచి రెండు సెకన్లలోపు అలికిడి లేకపోతే అది కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టించేది. 1969 జూలై 20న అపోలో 11 చంద్రుడి మీద దిగుతుండగా 1202, 1201 అలారాలు మోగిన సంగతి చాలామంది విన్నదే. అప్పుడు లేచింది వాచ్‌మన్ కాదు. పని నెత్తికెక్కిన ప్రోగ్రామే తనంతట తాను మళ్లీ మొదలై, చిల్లర పనులు వదిలేసి, దిగడానికి కావలసినవి మాత్రం కొనసాగించింది.

అసలు కథ 1997ది. ఆ ఏడాది జూలై 4న నాసా వారి మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. మొదట అంతా బాగానే నడిచింది. వాతావరణ వివరాలు సేకరించడం మొదలైన కొద్దిరోజులకు కంప్యూటర్ రీస్టార్టవడం మొదలుపెట్టింది. అప్పటికే సేకరించిన సమాచారం పోలేదు కానీ, రీస్టార్టయిన ప్రతిసారీ ఆ రోజు మిగిలిన పని మర్నాటికి వాయిదా పడేది. అందులో నడిచిన ఆపరేటింగ్ సిస్టమ్ వీఎక్స్‌వర్క్స్. పనులకు అది పెద్దాచిన్నా వరస పెడుతుంది. ఉమ్మడి సమాచారాన్ని నలుగురికీ పంచే పనిది పెద్ద వరస, వాతావరణం రాసుకునే పనిది చిన్న వరస. ఒకే తాళంచెవి ఇద్దరికీ కావాలి. చిన్నది తాళంచెవి పట్టుకుని ఉండగా, ఆ తాళంచెవితో ఏ సంబంధమూ లేని మధ్య వరస పని ఒకటి దాన్ని పక్కకు నెట్టి నడుస్తూ ఉంటే, పెద్దది చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. గడువులోగా పెద్దది పని ముగించలేదని గమనించిన పర్యవేక్షక ప్రోగ్రాం, ఏదో ఘోరం జరిగిందనుకుని మొత్తాన్ని రీస్టార్ట్ చేసేది.

ఈ చిక్కుకు మందు 1990లోనే అచ్చయింది. లూయీ షా, రగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోజ్కీ రాసిన వ్యాసంలో ఉపాయం ఉంది: తాళంచెవి పట్టుకున్నంతసేపు చిన్న పనికి పెద్ద పని హోదా అరువివ్వాలి. వీఎక్స్‌వర్క్స్‌లో ఆ సదుపాయం సిద్ధంగానే ఉంది, ఆ తాళంచెవికి మాత్రం వాడలేదు. ఇంజనీర్లు భూమ్మీద ఉన్న నకలు యంత్రంలో అవే పనులు నడిపించి, రీస్టార్ట్‌ను రప్పించి, ఏ పని ఏ క్షణాన ఎక్కడుందో చెప్పే చిట్టా చదివి లోపం పట్టుకున్నారు. దిద్దుబాటును అంగారకుడికి పంపారు. నౌక దిగకముందే పరీక్షల్లో ఇది కనిపించిందట, మళ్లీ రప్పించలేకపోయారట. నెట్ అబ్బాయి వచ్చి చూసినప్పుడు మాత్రం బుద్ధిగా నడిచే డబ్బాలున్న ఇళ్లవాళ్లకు ఈ మాట బాగా అర్థమవుతుంది.

అదే 1997లో వైర్‌లెస్ నెట్‌వర్క్‌కు 802.11 ప్రమాణం వచ్చింది. ఇక్కడి నుంచి చరిత్ర పరుగెడుతుంది. 2005 జనవరిలో భారత ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు అక్కర్లేదంది. అదే ఏడాది పేరుమోసిన డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్ ఐదో రకంలో లైనక్స్ తీసేసి, జ్ఞాపకశక్తిని 16 మెగాబైట్ల నుంచి 8కి కుదించి, వీఎక్స్‌వర్క్స్ పెట్టారు. అంగారకుడి మీది సిస్టమ్ అలా నట్టింట్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు.

ఫైబర్‌తో వచ్చిన లాభం అందరూ చెప్పేదే. పోయినదాని గురించి ఎవరూ చెప్పరు. పాత ల్యాండ్‌లైన్ ఫోనుకు ఎక్స్ఛేంజి నుంచే, అదే రాగితీగ మీద 48 వోల్టుల కరెంటు వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు మాత్రమే. దాన్ని అందుకునే డబ్బా ఇంటి కరెంటు మీదే బతకాలి. నెల్లూరు జిల్లా మెట్టలో, ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు వెలికొండలు దగ్గరయ్యేకొద్దీ సాగు బోర్ల మీద ఆధారపడుతుంది. ఒకే లైన్ మీద మోటార్లు అందుకునే వేళ ఇంట్లో బల్బు ఒక్క క్షణం మందగిస్తుంది. బల్బుకు అది లెక్కలోది కాదు, డబ్బాకు కరెంటిచ్చే బలహీనపడ్డ అడాప్టర్‌కు మాత్రం అదే ఎక్కువ.

అడాప్టర్ బలహీనపడేది లోపల గొట్టంలా నిలబడే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ వల్ల. దీని వంశం 1745-46 నాటి లేడెన్ జాడీ దాకా పోతుంది. అల్యూమినియం రకానికి పోలండ్‌కు చెందిన కరోల్ పొల్లాక్ 1896లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అందులోని ద్రవం వేడికి మెల్లగా ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందని మోటు లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసేది 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు, అంటే రాత్రింబవళ్లు నడిచే డబ్బాలో రెండేళ్లకు కాస్త తక్కువే నిలుస్తుంది. రేకుల ఇంట్లో, టీవీ వెనక, సెట్‌టాప్ బాక్స్ నెత్తిన డబ్బా పెడితే మే నెలలో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైకప్పు ఉబ్బిన కెపాసిటర్ కంటికే కనిపిస్తుంది. అలాంటి అడాప్టర్‌ను ఊరికే మీటర్‌తో కొలిస్తే నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది, డబ్బా బరువు మోపగానే కిందికి జారుతుంది. విప్పి చూడాలన్న సరదా మాత్రం మెకానిక్‌కే వదిలేయాలి. 230 వోల్టుల కరెంటు లోపల 325 వోల్టులై, ప్లగ్ పీకాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది.

ఇంటి డబ్బాల్లో అన్యాయం మరొకటి. ఏం జరిగిందో రాసుకునే చిట్టా చాలావాటిలో తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంటుంది. రీస్టార్ట్ ఆ సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. దాంతో మరమ్మతు అనే విద్య డబ్బా మార్చడం దగ్గరికి వచ్చి ఆగింది. అలా మార్చిన డబ్బా పాత అడాప్టర్‌తోనే నడిస్తే పాత జబ్బే తిరగబెడుతుంది.

అందుకే ముందు దీపాలు చూడాలి. పవర్ దీపం వెలుగుతూనే, ఫైబర్ వెలుతురు అందలేదని చెప్పే ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా ఉంటే లోపం ఫైబర్ తీగది, రీస్టార్ట్‌ది కాదు. అన్నీ ఆరి వెలిగితేనే ఈ కథ వర్తిస్తుంది. అప్పుడు డబ్బా సెట్టింగుల పేజీలో అప్‌టైమ్ అనే వరస పనికొస్తుంది. చివరిసారి లేచి ఎంతసేపయిందో అది చెబుతుంది. అలా తేలిన రీస్టార్ట్ వేళ కరెంటు పోయిన వేళతోనో, ఇన్వర్టర్ అందుకున్న వేళతోనో సరిపోతే చిన్న బ్యాటరీ యూపీఎస్ చాలు. మోటార్ల వేళకు గానీ, మధ్యాహ్నపు ఎండకు గానీ సరిపోతే అవే వోల్టులు, అంతే లేదా అంతకు మించిన ఆంపియర్లు ఉన్న కొత్త అడాప్టర్ పెట్టి, డబ్బాను గాలి తగిలే చోటికి మార్చాలి. ఏ వేళతోనూ పొంతన లేకపోతే డబ్బా లోపలి ప్రోగ్రాంను, అంటే ఫర్మ్‌వేర్‌ను తాజా చేయించాలి. అప్పటికీ, అడాప్టర్ మార్చినా ఆగకపోతే చెడింది లోపలి బోర్డే కావచ్చు, డబ్బా మార్చాల్సిందే.