చెప్పులు కుట్టిన చేతులు: ఒంగోలు తొలి క్రైస్తవులు, పనిని గూర్చిన ప్రశ్న

‘పనియే ఆరాధన’ అనే మాట మన సంఘాల ప్రసంగాలలో తరచుగా వినబడుతుంది. దీనికి ఆధారంగా ఆదికాండము 2:15ను చూపడం పరిపాటి. ఏదెను తోటను సేద్యపరచడానికి అక్కడ వాడిన హెబ్రీ క్రియాపదమే మరికొన్ని చోట్ల దేవుని సేవించడానికి కూడా వాడబడింది కాబట్టి పనికీ ఆరాధనకూ భేదం లేదని బోధకులు చెబుతారు. ఇది నిజమే. కాని అదే పదం నిర్గమకాండము 1:13, 14లో ఐగుప్తీయులు ఇశ్రాయేలీయులచేత చేయించిన వెట్టిచాకిరీకి కూడా వాడబడింది. ఈ మూడవ అర్థాన్ని మనం సాధారణంగా ప్రస్తావించము. సేద్యము, సేవ, వెట్టి ఒకే మూలంనుండి వచ్చినప్పుడు, ఏది ఏదో ఎవరు నిర్ణయించాలి? పందొమ్మిదవ శతాబ్దంలో ఒంగోలు ప్రాంతపు మాదిగ క్రైస్తవులకు ఇది పుస్తకంలోని ప్రశ్న కాదు, కూటికి సంబంధించిన ప్రశ్న.

సంస్కరణోద్యమం ఈ విషయంలో ఇచ్చిన జవాబు మనకు తెలిసినదే. 1 కొరింథీయులకు 7:20లోని ‘పిలుపు’ను లూథరు మనిషి చేసే వృత్తికి అన్వయించాడు. మఠంలోని సన్యాసి పని కంటె ఇంట్లోని పనికత్తె పని దేవుని దృష్టిలో తక్కువది కాదని చెప్పడం ఆనాటి యూరప్‌లో గొప్ప విడుదల. అయితే ఎవడు ఏ స్థితిలో పిలువబడెనో ఆ స్థితిలోనే ఉండవలెననే ఉపదేశాన్ని, పుట్టుకతోనే పని నిర్ణయమయ్యే ఊరికి తెచ్చి చెబితే ఏమవుతుంది? అక్కడ అది కులధర్మానికి క్రైస్తవ ముద్ర వేసినట్లే. లూథరు బోధ మనిషిని కుంగదీసే పనిని ప్రశ్నించడానికి చాలదని 1991లో మిరోస్లావ్ వోల్ఫ్ విమర్శించాడు. ఆ విమర్శకు నూరేళ్ల ముందే ఒంగోలు మాదిగపల్లెలు ఆచరణలో వేరొక దారి తీశాయని నా అభిప్రాయం.

ఆ పల్లెల పని ఎటువంటిదో మొదట చూడాలి. రైతుకు చెప్పులు, ఎడ్లకు వార్లు, బావినుండి నీళ్లు తోడడానికి తోలు మోట, ఇవన్నీ మాదిగల చేతిమీదుగా రావలసినవే. మోట లేకపోతే మెట్ట పొలానికి నీరు లేదు. చచ్చిన గొడ్డు మాదిగకు చెందేది. దాని తోలుతో పని, మాంసంతో తిండి. కళ్లంలో ధాన్యం కొలిచినప్పుడు కొంత మేర దక్కేది. ఇక జాతరకు డప్పు కొట్టడం, అధికారి వస్తే మూట మోయడం విడిగా లెక్కకట్టే పనులు కావు. పిలిస్తే వెళ్లవలసినదే. అంటే నైపుణ్యంగల చేతిపని, బిచ్చంవంటి కూలి, నిర్బంధ చాకిరీ ఒకే ముడిలో బిగిసి ఉన్నాయి.

యెర్రగుంట్ల పేరయ్య ఈ లోకంనుండి వచ్చినవాడు. తోళ్ల వ్యాపారంమీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అతడు మొదట సువార్త సంగతి విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. అదే సంవత్సరం అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఇ. క్లౌ ఒంగోలుకు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. విశ్వాసులు పాటించవలసినవిగా క్లౌ చెప్పినవి మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహారాధన చేయకూడదు.

పైకి ఇవి మిషనెరీలు పెట్టిన భక్తి నియమాలుగానే కనిపిస్తాయి. పల్లెలో అవి ఏ ముడిని విప్పాయో గమనించాలి. చచ్చిన గొడ్డు మాంసం మానడమంటే కూలిలో ఒక భాగాన్ని అవమానకరమైనదిగా తిరస్కరించడం. విగ్రహారాధన మానినవాడు జాతరలో డప్పు కొట్టడు. ఆదివారం పనికి రాననడం అన్నిటికంటె పెద్ద ధిక్కారం. వారంలో ఒకరోజు తనదని చెప్పినవాడు, మిగిలిన ఆరు రోజులూ కూడా పుట్టుకతో రాసిచ్చినవి కావని చెప్పినట్లే. విశ్రాంతిదినానికి నిర్గమకాండము 20 సృష్టిని కారణంగా చూపుతుంది, ద్వితీయోపదేశకాండము 5 దాస్యంనుండి విడుదలను చూపుతుంది. ఒంగోలులో ఆచరణకు వచ్చింది ఈ రెండవదే. ఊరి పెద్దలకు ఆ సంగతి అర్థమయింది. చెప్పులు కుట్టే పని ఆపివేయడం, కళ్లంలో మేర ఎగ్గొట్టడం, చాకలివారిని రానీయకపోవడం వంటి నిర్బంధాలను క్లౌ నమోదు చేశాడు.

వారు తోలుపనిని పాపమని విడిచిపెట్టలేదన్నది ముఖ్యమైన సంగతి. చెప్పులు కుట్టడం సాగింది. క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి ప్రచురించిన పుస్తకానికి ‘చెప్పులు కుడుతూ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. (అమెరికాలో సాంఘిక సువార్తను బోధించిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడే.) అపొస్తలుల కార్యములు 9:43లో పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట బస చేశాడు. చర్మకారుని భార్య ఆ వాసన భరించలేక విడాకులు కోరవచ్చునని మిష్నా చెబుతుంది. అటువంటి ఇంట్లో అపొస్తలుడు చాలా దినాలు గడిపాడు. మన వ్యాఖ్యానాలు ఈ వచనాన్ని త్వరగా దాటి కొర్నేలీ దగ్గరకు వెళ్లిపోవడం విచారకరం.

1876లో వర్షాలు లేక మద్రాసు రాజధానిలో మహాక్షామం వచ్చింది. రైతు దగ్గరే గింజ లేనప్పుడు మేర అన్నదే లేదు. కరువుపనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువను తవ్విస్తోంది. యౌవనంలో భూమి సర్వే పనిచేసిన అనుభవమున్న క్లౌ సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. బోధకులే మేస్త్రీలుగా ముఠాలను నడిపారు. అలవాటులేని గడ్డపారలతో తోలుపనివారి చేతులు బొబ్బలెక్కాయి. కాని చేసిన పనికి కూలి చేతికి వచ్చింది, అదీ తమవారి లెక్కతో. దీన్ని అతిగా పొగడనక్కరలేదు. ఆ కాలంలోనే, 1877లో, రిచర్డ్ టెంపుల్ కరువుపనివారి రోజు కూలిని ఒక పౌను ధాన్యానికీ కొద్దిపాటి డబ్బుకూ తగ్గించాడు. అది ప్రాణం నిలపదని వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. ఆ యంత్రాంగంలో క్లౌ కూడా ఒక కాంట్రాక్టరే. అయినా పుట్టుకను చూడకుండా తవ్విన మట్టిని చూసి కూలి ఇవ్వడం ఆ పల్లెలవారికి కొత్త సంగతి. పగలు తవ్వకం, విరామంలో సువార్త బోధ, రెండూ ఒకే మనిషి నోట విన్నారు.

కూటికోసం వచ్చారన్న నింద రాకుండా క్లౌ కరువుకాలంలో చాలా నెలలు బాప్తిస్మాలు ఆపాడు. సహాయం ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఘ చరిత్రలు ఈ అంకెవద్ద ఆగిపోతాయి. ఆ నదిలో దిగినవారిలో కాలువ తవ్వినవారెందరో ఉన్నారు. అయితే ఆ చేతులు తమ కథను తామే రాయలేదు. మనకు మిగిలినవి ఎక్కువగా మిషనెరీల మాటలే, వాటిని ఆ ఎరుకతోనే చదవాలి.

తరువాతి తరాల్లో బడులు, ఉద్యోగాలు వచ్చాయి. తోలుపని వెనుకబడింది. మొదటి తరం జాగ్రత్తగా చేసిన విభజన కూడా మరుగున పడింది. వారు నిరాకరించింది డప్పును కాదు, పిలిస్తే కొట్టక తప్పదన్న నిర్బంధాన్ని. ఆ తరువాత సంఘం డప్పునే అపవిత్రమని గుడి బయట ఉంచింది. 1994 జూలై 7న అదే ప్రకాశం జిల్లాలోని ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దండోరా పేరుతో సాగిన ఆ ఉద్యమం డప్పును మళ్లీ భుజానికెత్తుకొంది. ఈసారి ఎవరి జాతరకోసమో కాదు.