వంశపు ఈటె ఎవరిది?

రాజ్‌గోండుల వంశదేవర పేరు పెర్సాపేన్. ఆ దేవరకు ప్రధాన చిహ్నాలు ఇనుప ఈటెమొన, చామరం. ఈటెను చూస్తే యుద్ధం, చామరాన్ని చూస్తే సింహాసనం గుర్తుకొస్తాయి గనుక, వాటిని పట్టినవాడే వంశాధిపతి అనుకోవడం సహజం. ఆదిలాబాద్ గోండుల చరిత్ర అందుకు ఒప్పుకోదు. అక్కడ ఈటె వంశం మొత్తానిది. దాన్ని కాచే కటోడాకు పూజాధికారం ఉంది గానీ శిస్తు వసూలు చేసే అధికారం లేదు. వంశగాథ కూడా ఆయన దగ్గర ఉండదు, కిక్రి వాయిస్తూ పాడే ప్రధాన్ల నోట ఉంటుంది. ఊరి తగవులు పట్లా చూస్తాడు, రాజు ఇచ్చిన ఊళ్లు మోకాశీ ఏలేవాడు. నాయకత్వాన్ని ఒక్క చేతిలో పెట్టకపోవడం వల్లే, రాజ్యాలు పోయినా వంశాలు చెదరలేదని నా అభిప్రాయం.

ఈటె, చామరం రెండూ రాజలాంఛనాలే కదా, చాందా గోండు రాజుల దర్బారు నుంచే వంశాలకు దిగివచ్చి ఉంటాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. పోలిక నిజమే, తోసిపుచ్చలేం. కానీ లాంఛనం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, ఎవరి అధీనంలో నిలిచిందన్నది మరో ప్రశ్న. 1751లో చాందా నాగపూర్ భోంస్లేల వశమైంది. తర్వాత మోకాశీల పెత్తనమూ సన్నగిల్లింది. పెర్సాపేన్ పూజలు మాత్రం ఆగలేదు. ఈటె రాజుదే అయితే రాజుతోనే పోయేది. నైలు తీరపు లువో జనుల గాథలో గిపిర్, లబొంగో అనే అన్నదమ్ములు ఒక ఈటె కోసం, ఒక పూస కోసం పంతాలకు పోయి శాశ్వతంగా విడిపోతారు. అక్కడ జనం ఎందుకు చీలిందో చెప్పేది ఈటె. గోండుల్లో చెదిరిన ఇంటిపేరువాళ్లను ఒకచోటికి రప్పించేది ఈటె.

దీనికంతటికీ ఆధారం ఒక యూరోపియన్ రాతలే కదా అన్న అభ్యంతరం ఇంకా గట్టిది. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కొమురం భీం హతమయ్యాక నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని అప్పగించింది క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌కే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1945 నుంచి 1949 వరకు ఆయన ఆచార్యుడు. సర్కారు కొలువులో ఉన్నవాడి చూపును సందేహించాల్సిందే. అయితే ఆయన పుస్తకం చదివి ఎవరూ పూజలు చేయడం లేదు. మెస్రం వంశస్థులు నేటికీ హస్తినమడుగు నుంచి గోదావరి జలం మోసుకొచ్చి, పుష్య అమావాస్యనాడు కేస్లాపూర్‌లోని తమ వంశదేవత నాగోబాకు అభిషేకం చేస్తారు. ఆ క్రతువును నడిపించేది వాళ్ల కటోడాలు, పెద్దలే.

ఈటె భూమిని కాపాడలేకపోయిందన్నదీ నిజం. రెవెన్యూ కచేరీ పట్టా అడిగింది, రిజర్వు అడవి హద్దురాళ్లు పాతింది. వంశస్మృతి అక్కడ సాక్ష్యంగా చెల్లలేదు. ఆ నష్టం చిన్నది కాదు, ఏ పూజా దాన్ని పూడ్చలేదు. కానీ 1956లో రాజురా, కిన్వట్ ప్రాంతాలు ఆదిలాబాద్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లినప్పుడు గోండు వంశాలు సరిహద్దుకు అటూ ఇటూ అయ్యాయి. అయినా మహారాష్ట్రలో స్థిరపడిన మెస్రం కుటుంబాలు ఇప్పటికీ కేస్లాపూర్‌కే వస్తాయి, కొత్త కోడళ్లను అక్కడే వంశదేవతకు చూపిస్తాయి.